కొవ్వూరు వైపు పొద్దు పొడవదు

మొన్న సంక్రాంతికి మనవడు రాజమండ్రి వచ్చాడు. కనుమ నాడు తెల్లవారుతూనే పుష్కర ఘాట్‌కి వెళ్ళి, గంటసేపు ఫోన్లో ఫోటోలు తీసుకొచ్చాడు. నూట నలభై. కాఫీ తాగుతూ అందరికీ చూపించాడు. అందులో ఒకటి ఇంట్లోవాళ్ళకి తెగ నచ్చింది. నీళ్ళ మీద పొగమంచు, ఒంటరి పడవ, వెనకాల నారింజరంగు ఆకాశం, దాని నడిమధ్య ఎర్రటి సూర్యబింబం.

"ఇది ఎన్నింటికి తీశావురా?" అన్నాను.

"ఏడింటికి తాతయ్యా" అన్నాడు.

రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది. ఘాట్ మెట్ల మీద నిలబడి నదికేసి చూస్తే మన ముఖం పడమటికి ఉంటుంది, అవతల కనిపించేది కొవ్వూరు. పొద్దున ఏడింటికి సూర్యుడు మన వీపు వెనకాల ఉంటాడు. కొవ్వూరు మీద పొద్దు గుంకుతుందే గాని పొడవదు. అడిగితే వాడు దాచలేదు. ఆకాశం తెల్లగా, పేలవంగా వచ్చిందట, యాప్‌లో మార్చేశాడట. పడవ మీద మనిషి ముఖాన ఎండ ఎదురుగా కొడుతోంది. సూర్యుడేమో అతని వెనకాల ఉన్నాడు. ఆ సంగతి వాడికి గాని, మెచ్చుకున్నవాళ్ళకి గాని కనబడలేదు.

వాడు పారేసిన ఆ తెల్లటి ఆకాశమే ఆ ఉదయానికి ప్రాణం. సంక్రాంతి రోజుల్లో మంచు పట్టినప్పుడు నీరెక్కడ అయిపోయిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు, పడవ గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. ఏడాదిలో కొద్ది రోజులే దొరికే దృశ్యం అది. వాడి కళ్ళముందే ఉంది. దాన్ని తుడిచేసి, అందరి ఫోన్లలోనూ ఉండే సూర్యుణ్ణి తెచ్చి అతికించాడు.

మా రోజుల్లో ఫోటో తీయడానికి ముందే నూటికి తొంభై వంతుల పని అయిపోయేది. నా మొదటి కెమెరా అగ్ఫా క్లిక్ త్రీ. రీలుకి పన్నెండు బొమ్మలు. ఆ తర్వాత మా బావమరిది కువైట్ నుంచి పెంటాక్స్ కె1000 తెచ్చిచ్చాడు. దానికి ముప్ఫై ఆరు. జీతం వచ్చిన వారంలో ఒక రీలు కొనేవాణ్ణి, తూర్పు జర్మనీ ఓర్వోనో, ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు తయారుచేసిన ఇందువో. మళ్ళీ జీతం వచ్చేదాకా అదే. అంటే రోజుకి ఒక్కటి, కాస్త మిగులు. అందుకని బటన్ మీద వేలు పడేముందు కళ్ళు చాలా పని చేసేవి.

యాభై మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే ఉండేది. జూమ్ మా కాళ్ళలో ఉండేది. దగ్గరగా కావాలంటే నడిచి వెళ్ళాలి, దూరంగా కావాలంటే వెనక్కి జరగాలి. అలా జరుగుతుంటే తెలిసేది, రెండడుగులు పక్కకి వేస్తే మనిషి తల వెనక నుంచి కరెంటు స్తంభం తప్పుకుంటుందని. ఇప్పుడు ఆ స్తంభాన్ని వేలితో చెరిపేస్తున్నారు. రెండడుగులు వేసినవాడికి స్తంభం పోవడంతో పాటు వెనకాల ఇంకేముందో కూడా కనబడుతుంది. చెరిపినవాడికి స్తంభం పోతుంది, అంతే.

ఒక్క ఫోటో సంగతి చెప్తాను. 1986 వేసవి. సాయంత్రం పడవలో నిలబడి విసురువల వేసే మనిషిని తీయాలనుకున్నాను. గాల్లో వల పూర్తిగా విచ్చుకునేది రెప్పపాటు. ఘాట్ పైమెట్టు మీద నుంచి చూస్తే మనిషి మొత్తం నీళ్ళలో కలిసిపోయాడు. నాలుగు మెట్లు దిగాను. కొవ్వూరు గట్టు గీత సరిగ్గా అతని మెడ దగ్గరికొచ్చింది, కత్తి పెట్టి కోసినట్టు. ఇంకో మూడు మెట్లు దిగి, నీళ్ళ అంచున గొంతుక్కూర్చున్నాను. అప్పుడు తల, భుజాలు గట్టు దాటి ఆకాశంలోకి వచ్చాయి. వల విసిరితే అది కూడా ఆకాశంలోనే విచ్చుకుంటుంది. మొదటి రోజు గాలి ఎక్కువై వల ముద్దగా పడింది. రెండో రోజు అసలు పడవ రాలేదు. మూడో రోజు ఒక్కటి తీశాను. రీల్లో ముప్ఫై ఒకటో బొమ్మ. మిగిలిన అయిదూ ఇంటికి తీసుకొచ్చాను.

నేను పెద్ద ఫోటోగ్రాఫర్ని కాను, ఆఫీసు పని చేసుకుంటూ సెలవుల్లో తీసుకున్నవాణ్ణి. కానీ పెద్దవాళ్ళ పని కూడా ఇలాగే సాగింది. 1941లో ఆన్సెల్ ఆడమ్స్ అమెరికాలో న్యూ మెక్సికో రోడ్డు మీద కారులో వెళుతూ, హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయం చూసి బండి ఆపాడు. వెలుతురు కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి కాంతి ఎంతో తనకి తెలుసు గనక దాన్నిబట్టి లెక్కగట్టి ఒక్క ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. రెండోది తీసేలోగా ఆ ఊరి సమాధుల మీది శిలువల నుంచి ఎండ జారిపోయింది. తర్వాత ఎన్నో ఏళ్ళపాటు అదే నెగటివ్‌ని మళ్ళీ మళ్ళీ ప్రింటు వేస్తూ, ఆకాశాన్ని అంతకంతకీ నల్లగా చేసుకుంటూ వచ్చాడు.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, తీసిన తర్వాత దిద్దకూడదని నేననడం లేదు. మేమూ దిద్దేవాళ్ళం. మా ఇంట్లో వెనకగదే నా డార్క్‌రూమ్. కిటికీకి నల్లదుప్పటి కట్టి, ఎర్రబల్బు వెలిగించి, మూడు ట్రేలు వరసగా పెట్టుకునేవాణ్ణి. బొమ్మని తేల్చే డెవలపర్ ద్రావణం ఇరవై డిగ్రీల దగ్గర ఉంటే బాగా పనిచేస్తుంది. వేసవిలో రాజమండ్రిలో అర్ధరాత్రి కూడా కుళాయి నీళ్ళు అంత చల్లగా రావు. రంపపు పొట్టులో చుట్టి అమ్మే ఐసుగడ్డ కొనుక్కొచ్చి, పెద్ద బేసిన్లో వేసి, అందులో ట్రే పెట్టేవాణ్ణి.

ఆ వల ఫోటో మొదటి ప్రింటులో ఆకాశం ఉత్త తెల్లకాగితంలా వచ్చింది. కానీ నెగటివ్‌ని వెలుతురుకి పట్టి చూస్తే మబ్బులు ఉన్నాయి. నేను తీసినప్పుడు ఉన్న మబ్బులే. ఎన్‌లార్జర్ కింద కాగితానికి ముందు పన్నెండు సెకన్లు వెలుతురు ఇచ్చాను. తర్వాత పడవని, మనిషిని అట్టముక్కతో కప్పి, పైభాగానికి మాత్రం ఇంకో పది సెకన్లు. అట్ట కదలకుండా ఉంటే దాని అంచు ప్రింటు మీద గీతలా పడిపోతుంది, అందుకని చెయ్యి సన్నగా ఆడిస్తూనే ఉండాలి. నాలుగు కాగితాలు పాడయ్యాయి. అయిదోది డెవలపర్‌లో వేసి ఊపుతుంటే ముందు పడవ, తర్వాత వల, ఆఖర్న మబ్బులు మెల్లగా తేలాయి. కుడిపక్క ఇంకో పడవ ముక్కు కొంచెం కనిపిస్తుంటే రెండు వేళ్ళ మేర కోసేశాను.

కొయ్యడం తప్పు కాదు, వెలుగునీడలు సరిచెయ్యడం తప్పు కాదు. వంగిన గట్టుని తిన్నగా చెయ్యాల్సిందే, నది ఒక పక్కకి ఒలికిపోతున్నట్టుంటే నేను భరించలేను. అక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టు బయటికి తియ్యడానికి ఎంత కష్టపడినా న్యాయమే. లేనిదాన్ని తెచ్చిపెట్టినప్పుడు మాత్రం అది ఆ ఊరి ఫోటో కాదు, ఏ ఊరిదీ కాదు.

మనవడి ఫోను ఈనాటి వస్తువు, గొప్ప వస్తువు. మసక వెలుతుర్లో నా పెంటాక్స్ తియ్యలేనిది అది అలవోకగా తీస్తుంది. నా గొడవ ఫోనుతో కాదు, "ముందు తీసేద్దాం, తర్వాత చూసుకుందాం" అన్న మాటతో. ఆ "తర్వాత" ఎప్పుడూ రాదు. నూట నలభైలో ఏది ఉంచుకోవాలో వాడు ఇంకా తేల్చలేదు, సంక్రాంతి వెళ్ళి చాలా రోజులైంది. ఒకే పడవవి ఇరవై రెండున్నాయి, ఇరవై రెండూ నిలబడ్డ చోటునుంచే. ఒక్క మెట్టు కూడా దిగలేదు. పైగా అంత వెడల్పు నదిని ఫోను నిలువుగా పట్టుకుని తీశాడు.

వాడు వెళ్ళేముందు రోజు సాయంత్రం ఇద్దరం ఘాట్‌కి వెళ్ళాం. పది కంటే ఎక్కువ తియ్యొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. మొదటి రెండూ గబగబా తీసేశాడు. మూడోదానికి ఆగాడు. ఏమీ చెప్పకుండానే రెండు మెట్లు దిగాడు. తెర నాలుగు అంచులూ చూసుకుని, పక్కనున్న చెత్తబుట్ట తప్పించడానికి ఎడమకి జరిగాడు. ఆ ఫోటోలో ఆకాశం బూడిదరంగే, సూర్యుడు లేడు. దాన్ని అలాగే ఉంచాడు. ప్రింటు వేయించి నా వల ఫోటో పక్కన గోడకి తగిలించాను.

మీ ఇంట్లో పిల్లలు ఫోను పట్టుకుని బయల్దేరితే ఈ ఒక్క మాట చెప్పండి. పది తియ్యమనండి, మెట్లు దిగి తియ్యమనండి, కోసుకోమనండి, దిద్దుకోమనండి. ఆకాశాన్ని మాత్రం మార్చొద్దనండి.