టిక్కు మన్నానంటే ముక్క పెట్టాలి

నన్ను క్లిక్కర్ అంటారు. అరచేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ డబ్బీ, దాని లోపల చిన్న ఉక్కు రేకు. బొటనవేలితో నొక్కితే ఆ రేకు వంగి టిక్కు మంటుంది. తిరునాళ్లలో అమ్మే రేకు కప్ప బొమ్మకీ నాకూ దగ్గర చుట్టరికం. నా పుట్టుకలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు గాని, వంశం మాత్రం గట్టిది.

1944 జూన్ 6న తెల్లవారక ముందే నార్మండీ చీకట్లో పారాచూట్లతో దిగిన అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికుల దగ్గర ఉన్నది మావాళ్లే. వాళ్లది ఇత్తడి ఒళ్లు. ఒకడు ఒక టిక్కు వినిపిస్తే అవతలివాడు రెండు టిక్కులతో బదులివ్వాలి. ఇస్తే మనవాడన్నమాట. ఆ దశాబ్దంలోనే స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర చదువుకున్న బ్రెలాండ్ దంపతులు జంతువులకు పనులు నేర్పడానికి మమ్మల్ని వాడారు. 1951లో స్కిన్నరే ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో, ఇంట్లో కుక్కకు పని నేర్పాలంటే మాలాంటి బొమ్మ చాలని రాశాడు. ఆ తర్వాత హవాయిలో డాల్ఫిన్లకు విద్యలు నేర్పిన కారెన్ ప్రయర్ వచ్చింది. డాల్ఫిన్‌కు మెడపట్టీ వేసి లాగలేం. కోప్పడితే నీళ్లలోకి వెళ్లిపోతుంది. ఒక ఈల, ఒక చేప, ఈ రెండింటితోనే ఆమె వాటి మనసు గెలిచింది. ఆ పద్ధతినే 1990లలో కుక్కలు పెంచేవాళ్లకు చెప్పి, నన్ను వాళ్ల చేతుల్లో పెట్టింది.

నేను వచ్చి పడింది గుంటూరులో ఒక మూడో అంతస్తు ఫ్లాటులో. ఇంటర్ చదివే అమ్మాయి తెల్లటి పొమేరియన్ కూనను తెచ్చుకుని, చిట్టి అని పేరు పెట్టి, దానికోసం నన్ను కొంది. మొదట్లో ఏ పనీ చెప్పలేదు. టిక్కు మనిపించేది, వెంటనే శనగగింజంత ఉడికించిన కోడిమాంసం పెట్టేది. కొద్ది రోజులకే నా గొంతు వినగానే చిట్టి చెవులు నిక్కబొడుచుకునేవి. కూనది చిన్న పొట్ట కదా, ఇలా పెట్టిన ముక్కల మేరకు రాత్రి అన్నంలో తగ్గించేది.

కూర్చోవడం నేర్పిన తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నిలబడి మీదికి వంగితే అంత చిన్న ప్రాణి బెదిరిపోతుందని తనే నేలమీద బాసింపట్టు వేసుకుంది. ముక్కను చిట్టి ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి జరిపింది. తల పైకి లేచింది, నడుము కిందికి దిగింది. వెనకభాగం గచ్చుకు తగిలిన ఆ క్షణాన నేను టిక్కు మన్నాను. అర నిమిషం తర్వాత మెచ్చుకుంటే, ఎందుకు మెచ్చుకున్నారో కుక్కకు తెలియదు. మనిషి గొంతులో విసుగూ అలసటా తొంగిచూస్తాయి. నా గొంతు పొద్దున ఎలా ఉంటుందో రాత్రీ అలాగే ఉంటుంది. అందుకే నన్ను నమ్మింది చిట్టి. నిద్ర లేవగానే, తిండి తినగానే బాల్కనీలోకి తీసుకెళ్లి, అక్కడ ఒంటికి పోయగానే నాతో టిక్కు మనిపించి ముక్క పెట్టడంతో ఆ అలవాటూ కుదురుతూ వచ్చింది.

ఇంతలో అమ్మాయి ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్లిపోయింది. నేను వాళ్ల నాన్నగారి చేతిలో పడ్డాను.

ఆయన ఫోన్లో మాట్లాడుతూ నన్ను ఊరికే నొక్కేవారు. టిక్కు మన్నప్పుడల్లా చిట్టి ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి ఆయన అరచేతిలోకి చూసేది. అక్కడేమీ ఉండేది కాదు. మళ్లీ టిక్కు, మళ్లీ పరుగు, మళ్లీ ఖాళీ చెయ్యి. కొన్నాళ్లకు నేనెంత మోగినా అది చెవి కదపడం మానేసింది. నా గొంతు మారలేదు, రేకు అరగలేదు, అయినా నా మాట అబద్ధమైపోయింది. ఒంటికి తుప్పు పట్టినా నాకింత బాధ ఉండేది కాదు.

చివరికి పనికిరాదని నన్ను టీవీ కింద సొరుగులో పడేశారు. పాత సిమ్ కార్డులు, రబ్బరు బ్యాండ్లు, ఏ తాళానివో తెలియని చెవులు నా చుట్టూ ఉన్నాయి. పని వచ్చేశాక నన్ను పక్కన పెట్టడం మా విద్యలో ఉన్నదే. అప్పుడు సెలవిస్తే గర్వంగా వెళ్లేదాన్ని. చదువు సగంలో ఆపి, నా స్థానంలో పేపరు చుట్టను తెచ్చిపెట్టారు.

సొరుగులో ఉన్నా చెవిన పడనిదేముంది? కాలింగ్ బెల్ మోగితే చిట్టి మొరిగేది, పేపరు చుట్ట దెబ్బ పడేది. గదిలో తడి కనిపిస్తే మూతిని దానికేసి రుద్దేవారు. అప్పటినుంచి అది మనుషుల కంటబడకుండా సోఫా వెనక పోయడం నేర్చుకుంది. ఆయన నేర్పింది అదే మరి. బయటికి తీసుకెళ్లి మెడపట్టీ పట్టి గుంజితే తిరిగొచ్చాక పొడిదగ్గు. పొమేరియన్ల గాలిగొట్టం సున్నితం, ఛాతీకి వేసే పట్టీ కొనండని పశువుల డాక్టరు చెప్పాల్సి వచ్చింది.

ఈమధ్య ఊరినుంచి మామ్మగారు వచ్చారు. బెల్ మోగింది. చిట్టి రెండుసార్లు మొరిగి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఆగిన క్షణంలోనే “బంగారం” అంటూ ఇడ్లీ తుంపి నోటికి అందించారామె. మర్నాడూ అదే మాట, అదే తుంపు. “ఒరేయ్, దాన్ని కొట్టకురా. అరుస్తున్నప్పుడు కాదు, ఊరుకున్నప్పుడు పలకరించు” అని కొడుకుతో అన్నారు. ఆవిడ స్కిన్నర్ పేరు విని ఉండరు. కానీ ఆ ఇంట్లో నా విద్య తెలిసిన మనిషి ఆవిడే. వారం తిరిగేసరికి బెల్ మోగినా చిట్టి ఒకసారి మొరిగి, మామ్మగారి కోసం వెతుక్కుంటోంది.

చిట్టికిప్పుడు అయిదో ఏడు. అయిదేళ్ల కుక్క హాయిగా కొత్త విద్య నేర్చుకుంటుంది. చిన్న కుక్కను పెంచుకునే అమ్మలారా, అయ్యలారా, నన్ను సొరుగులోంచి తీయకపోయినా నాకేమీ కోపం లేదు. మామ్మగారిలా ఒక్క మాట ఎంచుకోండి. కుక్క మంచిపని చేసిన క్షణంలోనే ఆ మాట అనండి. అన్నాక మాత్రం ముక్క ఎగ్గొట్టకండి.