అంకె చావదు

చేపల మీద మన ప్రభుత్వాలకున్న ప్రేమను శంకించేవాడు పాపాత్ముడు. వానాకాలం వెళ్లేవేళకు ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలు చెరువుగట్టున దిగుతాయి. వాటి వెనక నాయకులు, నాయకుల వెనక కెమెరాలు. సంచి విప్పగానే పిల్లలు నీళ్లలోకి, ఫొటో పేపర్లోకి, అంకె ఫైల్లోకి. మూడింట్లో వేసవి దాకా బతికేది అంకె ఒక్కటే.

గిద్దలూరు పక్క ఈ తంతు మరీ చూడముచ్చట. ఇక్కడ చెరువు నిండాలంటే నల్లమల మీద వాన పడాలి. బొచ్చె పిల్ల కాటాకెక్కాలంటే ఎనిమిది, పది నెలలు నీళ్లు నిలవాలి. కరువు ఏట శివరాత్రికే బీటలు తీసే చెరువులో దానికి అంత ఆయుష్షు ఎవరిస్తారు? పైగా ఈ జాతులు నిలవ నీటిలో సాధారణంగా గుడ్లు పెట్టవు. వాటికి వరద పారే ఏరు కావాలి. అందుకని ఏటా కొత్త పిల్లలు, ఏటా కొత్త బిల్లు. ప్రకృతి కూడా కాంట్రాక్టరు పక్షమే!

కంభం చెరువునే చూడండి. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్ట వేయించిందని ప్రతీతి. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడమని గుర్తింపూ వచ్చింది. ఐదు వందల ఏళ్లుగా కట్ట తన పని తాను చేస్తోంది. లోపలి పూడికను మాత్రం మనం భద్రంగా కాపాడుతున్నాం. అదీ వారసత్వమే కదా!

నీళ్లేవయ్యా అంటే కృష్ణా నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు వైపు వేలు చూపిస్తారు. 1996లో శంకుస్థాపన, 2024 మార్చి 6న జంట సొరంగాలు జాతికి అంకితం. ఆ రోజు ఉపన్యాసం ధారగా పారింది, కృష్ణమ్మ రాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి మత్స్యకారులకిచ్చే భృతిని 2025లో 20 వేల రూపాయలు చేశారు. మంచిదే, అసూయ లేదు. మా బెస్తలకు నిషేధం పెట్టేది ఎండ. అది గడువు చెప్పదు, ఖాతాలో డబ్బు వేయదు. ప్రకాశం జిల్లాలో ఉన్నన్నాళ్లు కాగితం మీదైనా మాకొక సముద్రం ఉండేది. 2025 డిసెంబరు 31న మార్కాపురం జిల్లా వచ్చింది, ఆ ముచ్చటా తీరింది.

కాబట్టి నాదొక ఉచిత సలహా. నీళ్లు లేని ఏడు పసిపిల్లల్ని ఎండలో చంపే పాపం ఎందుకు? సంచుల్లో ఆక్సిజన్ మాత్రమే నింపి తెప్పించండి. ఫొటోకు లోటుండదు, అంకెకూ లోటుండదు. గాలి గాలిలో కలుస్తుంది; ఆడిటు అభ్యంతరమూ రాదు.

అలా కుదరదంటారా? అయితే ఫైల్లో ఇంకొక్క గడి గీయండి. వదిలిన పిల్లల సంఖ్య పక్కనే, గట్టు మీద కాటాలో తూగిన కిలోలు రాయండి. ఆ గడి సున్నా అయితే మరుసటి ఏడు బిల్లు ఆపండి. పూడిక తీసే యంత్రాలకు దారి అప్పుడు కాంట్రాక్టర్లు తమంతట తామే కనుక్కుంటారు.