బటన్ దొరగారి ప్రోనోటు

రాజకీయ నాయకుడి సంతకానికి విలువ ఎప్పుడొస్తుంది? దేశసేవ చేసినప్పుడు అనుకునే అమాయకులు ఇంకా ఎవరైనా మిగిలుంటే, పాత కాగితాలు వేలం వేసే కంపెనీల గుమ్మం ఎక్కి రెండు పేర్లు చెప్పి ధర అడగండి. ఒకటి బెంజమిన్ ఫ్రాంక్లిన్. రెండోది బటన్ గ్విన్నెట్.

ఫ్రాంక్లిన్ 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా, డెబ్భై ఏళ్ల వయసులో ఓడెక్కి ఫ్రాన్స్ రాయబారానికి బయల్దేరాడు. బొచ్చుటోపీ పెట్టుకుని పారిస్ ప్రభువులందరినీ బుట్టలో వేసుకుని, 1778లో ఫ్రాన్స్ రాజు చేత స్నేహ ఒప్పందం రాయించుకున్నాడు. 1783లో ఇంగ్లండుతో సంధి, 1787లో రాజ్యాంగం. ఈ నాలుగు కాగితాల మీదా సంతకం ఉన్నవాడు ఆయనొక్కడే. మరి రేటో? వేల డాలర్లు పట్టుకెళ్తే ఆయన సంతకం దొరుకుతుంది. లక్షలు అక్కర్లేదు.

ఆయన చేసిన తప్పల్లా పని చేయడం, దానికి తోడు 84 ఏళ్లు బతకడం. జీవితమంతా ఉత్తరాలు రాశాడు. తపాలా అధికారిగా టపా ఖర్చు లేకుండా పంపుకునే హక్కుంటే కవర్ల మీద కూడా సంతకాలు పెట్టాడు, పేరు మధ్యలో ‘ఫ్రీ’ అని ఓ ముక్క ఇరికించి మరీ. ముసలితనంలో పెన్సిల్వేనియా ప్రెసిడెంటై రైతుల భూమి పట్టాల మీద వరసపెట్టి సంతకాలు చేశాడు. సరుకు ఇంత పుష్కలంగా వదిలితే ధరెలా పెరుగుతుంది స్వామీ?

ఇప్పుడు గ్విన్నెట్ గారి ఘనకార్యాలు చూద్దాం. ఇంగ్లండులో పుట్టాడు. జార్జియా వచ్చి వ్యాపారం పెట్టి చితికిపోయాడు. అరువు మీద సముద్రంలో ఒక దీవి కొని జమీందారు అనిపించుకున్నాడు, అప్పులవాళ్లు వెంటపడ్డారు. 1776 మేలో ఫిలడెల్ఫియా సభకొచ్చాడు, చారిత్రక కాగితం మీద సంతకం పెట్టాడు, ఇంటికెళ్లిపోయాడు. మరుసటి ఏడు సైన్యం పెత్తనం గురించి లాక్లన్ మెకింటాష్ అనే అధికారితో గొడవపడి, సవానా ఊరి బయట పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధానికి దిగాడు. ఇద్దరికీ గుళ్లు తగిలాయి. మెకింటాష్ బతికాడు. గ్విన్నెట్ మూడు రోజులకు పోయాడు.

సేకర్తల పాలిట కల్పవృక్షం ఆ గుండే! ప్రకటన మీద సంతకం చేసిన 56 మందివీ ఒక సెట్టుగా కూడబెట్టాలని అమెరికాలో పాతకాలం నుంచీ ఓ పిచ్చి. సెట్టు పూర్తవాలంటే గ్విన్నెట్ కావాలి. ఆయనవి లోకంలో మిగిలినవి యాభై చిల్లర. 1927లో ఆయన సంతకమున్న ఒక ఉత్తరం 51,000 డాలర్లు పలికింది. 2010లో న్యూయార్క్ వేలంలో ఇంకొకటి 7,22,500 డాలర్లు. మిగిలిన వాటిలో ప్రోనోట్లు కూడా ఉన్నాయి. అసలు అప్పు తీర్చాడో లేదో గానీ, తీరుస్తానని రాసిచ్చిన కాగితం మాత్రం అసలుకి వేల రెట్లు చేస్తోంది. ఆ మెకింటాష్‌ని కోర్టు నిర్దోషిగా వదిలేసింది సరే, సేకర్తల సంఘాలు ఇన్నాళ్లూ ఆయనకి విగ్రహం పెట్టకపోవడం కృతఘ్నత.

అట్లాంటా పక్కన డులూత్‌లోనో సువానీలోనో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లు ఏటా ఇంటిపన్ను కట్టేది గ్విన్నెట్ కౌంటీకే. బాకీలతో పోయిన పెద్దమనిషి పేరు మీద బాకీ నోటీసులొస్తాయన్నమాట.

సంతకం అరుదుగా ఉంటేనే గిరాకీ అన్న కిటుకు మన నాయకులకీ తెలుసు. అందుకే ‘తొలి సంతకం’ కనిపెట్టారు. 2004లో ఎల్‌బీ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి వైఎస్ ఉచిత విద్యుత్ ఫైలు మీద పెట్టింది ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన రెండో సంతకమో, మరొకరి వందో సంతకమో ఎవరికి గుర్తుంది? మేనిఫెస్టోలో తక్కిన హామీలన్నీ పట్టాల మీద ఫ్రాంక్లిన్ సంతకాల్లాంటివి.

అమెరికా నాయకులు ఇంకో మెట్టు ఎక్కి సంతకం పెట్టే పనిని యంత్రానికి అప్పగించారు. దాని పేరు ఆటోపెన్. కెనెడీ దాన్ని ఎంత వాడాడంటే, ఏది చేత్తో పెట్టింది, ఏది యంత్రం గీసింది, ఏది సెక్రటరీ అమ్మగారు గిలికింది అని తేల్చడానికి చార్లెస్ హామిల్టన్ అనే వ్యాపారి 1965లో ఒక పుస్తకమే వేయాల్సొచ్చింది. కొన్నవాళ్లు భూతద్దాలు పట్టుకు కూర్చున్నారు. యంత్రం గీతకు బజారులో విలువ దాదాపు సున్నా.

ఆ సున్నా విలువ సరుకు ఎవరికి పంపారో చూడండి. డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ కాంగ్రెస్ సభ్యుడు, నాటోలో అమెరికా రాయబారి, రెండుసార్లు రక్షణ మంత్రి. తాను పంపిన యుద్ధాల్లో చనిపోయిన సైనికుల తల్లిదండ్రులకు పరామర్శ ఉత్తరాలు ఆయన పేరుతోనే వెళ్లాయి. కింద సంతకం యంత్రానిది. 2004 డిసెంబరులో గుట్టు రట్టయింది. ఇకనుంచి ప్రతి ఉత్తరం మీదా స్వయంగా పెడతానని మంత్రిగారు సెలవిచ్చారు. అంటే ఆ ప్రకటనకు ముందు పోయిన కుర్రాళ్ల ఇళ్లకు యంత్రం, తర్వాత పోయిన కుర్రాళ్ల ఇళ్లకు చెయ్యి. సేకర్తలూ, ఆ తేదీ రాసిపెట్టుకోండి. రేటు మారేది అక్కడే.