ఉద్యోగ వేటలో మనశ్శాంతి పోగొట్టుకొను విధానము

ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పేవాళ్లకి మన దగ్గర కొదవ లేదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ తలెత్తితే చాలు, జావా నేర్పుతామనేవాళ్లు, పైథాన్ నేర్పుతామనేవాళ్లు, ఏదీ నేర్పకుండానే ప్లేస్‌మెంట్ ఇప్పిస్తామనేవాళ్లు ఫ్లెక్సీల్లో కనిపిస్తారు. ఉద్యోగం వెతికే రోజుల్లో ఎలా పొంగిపోవాలో, ఎలా కుంగిపోవాలో, ఒకే పూటలో రెండూ ఎలా చేయాలో నేర్పే ఇన్‌స్టిట్యూట్ మాత్రం నాకు ఒక్కటీ కనబడలేదు. ఆ లోటు నేను తీరుస్తాను. ఫీజు లేదు, డెమో క్లాసు లేదు.

ముందే ఒక సంగతి. నిరుద్యోగి దెబ్బతినేది రిజెక్షన్ మెయిల్ వచ్చిన రోజున అని అందరూ అనుకుంటారు. ఒట్టి నిరాశతో పెద్దగా నష్టం జరగదు. రెండు రోజులు ముసుగుతన్ని పడుకుంటారు, మూడో రోజు లేచి మళ్లీ అప్లై చేస్తారు. మనిషి సరిగ్గా దెబ్బతినాలంటే అంతకుముందు బాగా పొంగిపోయి ఉండాలి. కాబట్టి మన పాఠం సంతోషంతో మొదలవుతుంది.

ఉదయం పదకొండింటికి తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తుంది. జాబ్ పోర్టల్‌లో మీ ప్రొఫైల్ చూశామని, ఇప్పుడు జీతం ఎంతని, నోటీసు పీరియడ్ ఎంతని ఒకమ్మాయి గబగబా అడుగుతుంది. ఆ పూట ఆమె అలాంటి ఫోన్లు ఇంకా చాలా చేయాలి. అది ఆమె తిప్పలు. మీ వరకు ఉద్యోగం వచ్చేసినట్టే. ఫోన్ పెట్టేయగానే ఆ ఆఫీసు ఎక్కడుందో మ్యాప్‌లో చూడండి. రాయదుర్గంలో మెట్రో దిగి నడవొచ్చా, షేర్ ఆటో ఎక్కాలా తేల్చుకోండి. ఎస్సార్ నగర్ హాస్టల్లో త్రీ షేరింగ్ ఖాళీ చేసి కొండాపూర్‌లో సింగిల్ రూమ్ తీసుకుంటే ఎంతవుతుందో కనుక్కోండి. పీఎఫ్ పోను చేతికెంత వస్తుందో లెక్క వేసి, అందులోంచి చెల్లెలికి ఫోన్ కొనండి. ఇంకా మొదటి రౌండే కాలేదు కదరా అని గుర్తుచేసే స్నేహితుడు ఎవరైనా ఉంటే, వాడికి మీరంటే ఏడుపు.

చిలుకూరు బాలాజీ గుళ్లో కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108 అన్నది ఆచారం. మీరు ఫోన్ కాల్‌కే 108కి వెళ్లిపోండి. స్వామివారు ఇక వెనక్కి తగ్గడానికి వీలుండదు.

ఆ తర్వాత అమ్మకి చెప్పండి. చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు, ఆఫర్ లెటర్ చేతికొచ్చాక చెబుదాంలే అని ఆగుతారు. అమ్మకి ఇవాళ చెబితే రాత్రికి పిన్నికి తెలుస్తుంది, రేపటికి పక్కింటావిడ ప్యాకేజీ ఎంతో అడుగుతుంది. అప్పుడు ఉద్యోగం రాకపోతే మీరొక్కరే బాధపడే అవసరం ఉండదు, వీధంతా పడుతుంది.

ఇంటర్వ్యూ అయ్యాక అసలు చదువు మొదలవుతుంది. లేచేటప్పుడు వాళ్లు "మేం మీకు తెలియజేస్తాం" అంటారు. వచ్చిన ప్రతివాళ్లతోనూ అదే అంటారు గానీ, మీతో అన్నప్పుడు నవ్వారు కదా. పైగా ఎప్పుడు చేరగలరని అడిగారు. చేర్చుకునే ఉద్దేశం లేకపోతే ఎందుకడుగుతారు? (ఫారంలో ఆ గడి ఉంటుంది కాబట్టి అడుగుతారు. ఈ బ్రాకెట్లో మాటలు పట్టించుకోకండి.) ఆ సాయంత్రం నుంచి వేరే కంపెనీలకి అప్లై చేయడం మానేయండి. ఇంకో చోటి నుంచి ఫోన్ వచ్చినా ఎత్తకండి, అది మొదటి కంపెనీకి ద్రోహం. పది నిమిషాలకోసారి మెయిల్ చూడండి, తర్వాత స్పామ్ ఫోల్డర్ చూడండి. మొదట ఫోన్ చేసిన హెచ్‌ఆర్ అమ్మాయి వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనిపించిందో కూడా చూస్తూ ఉంటే కాలక్షేపానికి లోటుండదు.

వారమైంది, రెండు వారాలైంది, జవాబు లేదు. ఇక్కడ కొందరు అనుభవజ్ఞులు మీ పాఠం చెడగొట్టడానికి వస్తారు. ఐటీ సర్వీసు కంపెనీలు చాలావరకు క్లయింటు ప్రాజెక్టు చూసుకునే మనుషుల్ని తీసుకుంటాయి, అక్కడ సంతకం ఆలస్యమైతే ఇక్కడ పొజిషన్ హోల్డ్‌లో పడుతుంది అంటారు. ఒక్కోసారి ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నవాణ్నే లోపలి నుంచి తీసుకుంటారని, ఒక్కోసారి మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మేనేజరే కంపెనీ మారిపోతాడని చెబుతారు. వినకండి. ఇవన్నీ నిజమైతే తప్పు మీది కాకుండా పోతుంది, బాధలో పస తగ్గిపోతుంది. కారణం ఒక్కటే ఉండాలి: మీరు పనికిరారు. రాత్రి లైటు తీసేశాక ఇంటర్వ్యూ మొత్తం మొదటి నుంచి నడిపించుకోండి. ఇంజనీరింగ్‌లో బ్యాక్‌లాగ్, ఇంటర్‌లో తగ్గిన ఎంపీసీ మార్కులు, ఏడో తరగతిలో లెక్కల మాస్టారు అన్న మాట, ఇలా వెనక్కి వెళ్తే తెల్లవారుజామున మూడింటికల్లా పుట్టుక దాకా చేరుకోవచ్చు.

లింక్డిన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పళ్లు తోముకోక ముందే తెరవండి. మీ వెనక బెంచీలో నిద్రపోయినవాడు కొత్త కొలువులో చేరినందుకు ఎంతో సంతోషిస్తున్నానని రాసి ఉంటాడు. కంగ్రాట్స్ కొట్టి పడుకోండి.

అశోక్‌నగర్ వైపు

ప్రైవేటులో ఎత్తుపల్లాలు మరీ చిన్నవి అనిపిస్తే సర్కారీ కొలువులున్నాయి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి అశోక్‌నగర్‌లో గది తీసుకోండి, పొద్దున్నే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో సీటు పట్టుకోండి. మా శిక్షణకి అంతకంటే మంచి క్యాంపస్ లేదు.

ఇక్కడ చేయాల్సింది ఒక్కటే: పరీక్ష తేదీని నమ్మడం. తెలంగాణ గ్రూప్-2 చూడండి. 783 పోస్టులకి 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు. తర్వాత నవంబరు అన్నారు. అటు పిమ్మట 2024 జనవరి, ఆ పైన ఆగస్టు. రాసింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. మధ్యలో అసెంబ్లీ ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది, సిలబస్ మారలేదు. పరీక్ష వాయిదా వేయాలని ధర్నా చేసినవాళ్లూ, వేయొద్దని మొత్తుకున్నవాళ్లూ ఒకే మెస్సులో తిన్నారు. ప్రతి తేదీకీ కొత్త టైంటేబుల్ రాసుకుని, ప్రతి వాయిదాకీ చించేసినవాళ్లే ఇందులో ఉత్తీర్ణులు.

గ్రూప్-1 అంతకన్నా ఉన్నతమైన కోర్సు. 503 పోస్టులకి 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, పాసైనవాళ్లు స్వీట్లు పంచారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. ఒకే పరీక్షని రెండుసార్లు రాసి రెండుసార్లూ మొదటికొచ్చినవాళ్లని పలకరించి చూడండి, మన పాఠంలో లేనివి కూడా చెబుతారు.

ఆంధ్రా వాళ్లు తక్కువ తిన్నారని కాదు. అక్కడ 2018 గ్రూప్-1 మెయిన్స్‌ని హైకోర్టు సింగిల్ జడ్జి రద్దు చేసింది 2024 మార్చిలో. అప్పటికి ఎంపికైనవాళ్లు కుర్చీల్లో కూర్చుని ఫైళ్ల మీద సంతకాలు పెడుతున్నారు. అంటే ఉద్యోగం వచ్చాక కూడా ఈ అభ్యాసం ఆపాల్సిన పని లేదు. ఇక టీచర్ పోస్టుల కోసం 1998 డీఎస్సీ రాసినవాళ్ల ఫైలుకి ప్రభుత్వం ఒప్పుకున్నది 2022లో. చివరికి ఇచ్చింది కాంట్రాక్టు కొలువు, మినిమమ్ టైమ్ స్కేలు మీద. రిటైర్మెంట్ వయసు దగ్గరపడ్డాక బడిలో చేరినవాళ్లున్నారు. దీన్నిబట్టి మీరు నేర్చుకోవాల్సింది: ఇంత కాలంలో తేలకపోతే వేరే పని చూసుకుంటాను అని ఎప్పుడూ గడువు పెట్టుకోకండి. తెలంగాణలో 2024లో గరిష్ఠ వయోపరిమితిని 46 ఏళ్లకి పెంచారు, తొందరేముంది? ఊళ్లో నాన్న పొలం కౌలుకిచ్చి పంపే డబ్బు అయిపోతే 5 రూపాయల భోజనం క్యాంటీన్ ఉండనే ఉంది.

2024 తెలంగాణ డీఎస్సీ మాత్రం ఫిబ్రవరి నెలాఖరున నోటిఫికేషన్ ఇచ్చి, జులై, ఆగస్టుల్లో పరీక్ష పెట్టి, అక్టోబరులో నియామక పత్రాలు చేతిలో పెట్టేసింది. 11,062 పోస్టులు. ఇలాంటివి మన పాఠానికి పనికిరావు, కొట్టేసుకోండి.

డబ్బు పెట్టి బాధ కొనుక్కోవడం

చేతిలో రూపాయి ఉండగా మనశ్శాంతి పూర్తిగా పోదు. అందుకు మార్గాలున్నాయి.

ఫ్రెషర్‌కి ఉద్యోగాలు లేవు, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుందాం అని కన్సల్టెన్సీ వాడు అంటాడు. పేస్లిప్పులు, రిలీవింగ్ లెటరు, ఫోన్ చేస్తే మేనేజర్‌నని పలికే మనిషి, అన్నీ వాడే చూసుకుంటాడు. మీరు డబ్బు మాత్రం చూసుకుంటే చాలు. పీఎఫ్ ఖాతాలో ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో సర్వీస్ హిస్టరీ ఉంటుందని, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు అదే అడుగుతారని వాడు చెప్పడు. మీరూ అడక్కండి. ఆర్నెల్లు జీతం తీసుకుని, ఈఎంఐ మీద బండి కొని, ఒక సోమవారం పొద్దున ఐడీ కార్డుకి గేటు తెరుచుకోకపోవడంలో ఉన్న లోతు, మామూలు రిజెక్షన్‌లో ఎక్కడుంది? బ్యాక్‌డోర్ కొలువులకీ, ల్యాప్‌టాప్ డిపాజిట్ అడిగే వర్క్ ఫ్రమ్ హోమ్‌లకీ ఇదే వరస.

విదేశాల మీద మనసుంటే ఏజెంటు మాట వేదం. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఏజెంటుకి కేంద్రం రిజిస్ట్రేషన్ ఉండాలని, సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ దాటకూడదని ఎవరో అంటారు. జగిత్యాలలో, నిజామాబాద్‌లో లక్షలు కట్టి దుబాయ్ పోయినవాళ్ల ముందు ఆ మాట అనమనండి. కంప్యూటర్ పని, డేటా ఎంట్రీ అని నమ్మి వెళ్లి కంబోడియాలో సైబర్ మోసాల గదుల్లో తేలినవాళ్ల సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఇక్కడ నాకు కూడా వ్యంగ్యం రావడం లేదు. ముందుకు పోదాం.

ఇంట్లో వాళ్లతో

ఉద్యోగం పోయినవాళ్లకి ప్రత్యేక సూచన. ఇంట్లో చెప్పకండి. ఎప్పటిలాగే తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని బయల్దేరండి, కేబీఆర్ పార్కు చుట్టూ నడవండి, మాల్‌లో ఏసీ కింద కూర్చోండి, రాత్రి అలసిపోయినట్టు రండి. ఈ నటనకి నిజంగానే ఉద్యోగం చేసినంత శ్రమ అవుతుంది, జీతమే ఉండదు. చెప్పేస్తే ఏమవుతుందో ఊహించండి: మీ ఆవిడ రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటుంది, తర్వాత కాగితం తెచ్చి ఏ ఖర్చు ఆపొచ్చో రాస్తుంది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, ముందు పిల్లలకి వేరే పాలసీ తీసుకుందాం అంటుంది. పీఎఫ్‌లో 75 శాతం దాకా తీసుకోవచ్చట, అది ఇంటి లోను కంతులకి ఎన్ని నెలలు సరిపోతుందో చూద్దాం అంటుంది. సగం భయం అక్కడే దిగిపోతుంది. అంత నష్టం మనకెందుకు?

పెళ్లిళ్లకి వెళ్లకండి. తప్పక వెళ్తే భోజనాల దగ్గర ఇలా జరుగుతుంది.

"ఏరా, ఇంకా ఖాళీయేనా?"

"ఒకటి ప్రాసెస్‌లో ఉంది బాబాయ్."

"పోయిన పెళ్లిలోనూ ప్రాసెస్సే అన్నావ్."

ఈ బాబాయి గారబ్బాయి బెంగళూరులో ఉంటాడు, వాడి ప్యాకేజీ ఏడాదికోసారి కాకుండా పెళ్లికోసారి పెరుగుతుంది. ఆ అంకెని నిజమని నమ్మి రాత్రంతా మోయండి. అదే పంక్తిలో చివర్న కూర్చున్న అత్తయ్య ఒకావిడ ఉంటుంది, పెద్దగా మాట్లాడదు. చేయి కడుక్కునేటప్పుడు వచ్చి, మా ఆఫీసులో అకౌంట్స్‌కి మనిషి కావాలంటున్నారు, నీ రెజ్యూమె పంపు నాయనా అంటుంది. ఆవిణ్ని పట్టించుకోకండి. అకౌంట్స్ ఏంటి, మనం ఫుల్ స్టాక్.

చివరిగా, ఈ సూచనలన్నీ పాటించాక ఏదో ఒక రాత్రి నిద్ర పట్టదు, ఎవరికీ చెప్పుకోలేనంత బరువుగా ఉంటుంది. అలాంటప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబరులో ఒక ఫోన్ సేవ పెట్టింది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ వ్యాసం మొత్తంలో ఇంత నిక్షేపంగా పనికొచ్చే సంగతి ఇదొక్కటే కాబట్టి, నా శిష్యులెవరూ ఆ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోవద్దు.