ముక్కు లేనిదా, జుట్టున్నదా?

హైదరాబాద్‌లో ఓ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. కుక్కపిల్లను తేవాలని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవ తీర్మానం. పేచీ అంతా జాతి దగ్గరే. అబ్బాయికి పగ్ కావాలి, అమ్మాయికి షిట్జూ.

పగ్‌కు సిఫార్సు 2003 నాటి హచ్ ఫోన్ ప్రకటన. అందులో అది పిల్లాడి వెంటే తిరిగింది. గురక మాత్రం వినిపించలేదు! కుక్కలు వగర్చి ఒళ్లు చల్లార్చుకుంటాయి. చప్పిడి ముక్కు పగ్‌కు ఆ గాలి ఆడే దారే ఇరుకు. మే నెల వచ్చిందంటే దానికి ఏసీ, నాన్నకు కరెంటు బిల్లు.

పోనీ, షిట్జూ? చైనా భాషలో ఆ మాటకు సింహమని అర్థం. జూలు సరే, రోజూ దువ్వే సేవకులేరి? నాలుగు రోజులు వదిలేస్తే చెవుల వెనక, చంకల్లో వెంట్రుకలు ఉండకట్టి దువ్వెన దిగదు. ఆ జుట్టు ఎత్తి చూస్తే దాని ముక్కూ చప్పిడిదే! ఏసీ ఎటూ తప్పదు, పైగా క్షౌరం ఖర్చు.

“పొద్దున్నే ఆరింటికి కిందికి ఎవరు తీసుకెళ్తారు?” అంది అమ్మ.

అబ్బాయి ఫోన్‌లోకి తలదూర్చాడు. అమ్మాయికి ఉన్నట్టుండి హోంవర్క్ గుర్తొచ్చింది. నాన్న వాకింగ్ బూట్లు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు: మంచం కింద అట్టపెట్టెలో, కొన్ననాటి కాగితంతో సహా.