కల్లివెల్లి పహిల్వాన్లు

మొన్న జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో వ్యక్తిత్వ వికాస సభ పెట్టారు. పిలిచినవాళ్లు మొహమాటపెట్టారు, పైగా భోజనాలున్నాయన్నారు. వెళ్లాను. ముందురోజు పెళ్లి తాలూకు మహారాజా కుర్చీలు రెండూ స్టేజీ మీదనే ఉన్నాయి. వాటి మధ్య నిలబడి, చెంపకు మైకు అంటించుకున్న వక్త మమ్మల్ని రెండు గంటల పాటు నిద్రలేపాడు. నిద్రలేపుతున్నకొద్దీ కొందరికి నిద్ర పట్టింది.

చివర్లో తెర మీద ఒక బొమ్మ వేశాడు. మెడ అనేది లేకుండా భుజాల మీదనే తల మొలిచినట్టున్న తెల్లమనిషి. పోరగాళ్లు ఈలలేశారు. బ్రాక్ లెస్నర్!

"ఈయన 2004లో ఏం చేశాడో తెలుసా? కోట్లు కురిపించే డబ్ల్యూడబ్ల్యూఈని కాదనుకుని, తన కల వెంట, ఫుట్‌బాల్ వెంట పరుగెత్తాడు. మరి మీరెప్పుడు పరుగెత్తుతారు?" అన్నాడు వక్త, ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ.

వెనక వరసలో కోరుట్ల పిల్లవాడొకడు లేచాడు. వాళ్ల బాపు పద్దెనిమిదేళ్లుగా షార్జాలో ఉంటాడు. "సార్, మరి ఆయనకు కఫీల్ ఎన్‌ఓసీ ఇచ్చిండా?"

హాలంతా గొల్లుమంది. వక్త ఏం జవాబిచ్చాడో తర్వాత చెప్తాను. లెస్నర్ మీద ఇరవై ఏళ్లుగా నడుస్తున్న ఉపన్యాసాలన్నిటిలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, ముందు దాని సంగతి చూడాలి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కఫీల్ అంటే గల్ఫ్‌లో మనిషికి వీసా ఇచ్చిన యజమాని. అతను 'నాకు అభ్యంతరం లేదు' అని కాగితం, అదే ఎన్‌ఓసీ, రాసివ్వనిదే ఇంకోచోట పనిలో చేరడానికి వీల్లేని రోజులు చాలాకాలం నడిచాయి. ఖతర్ 2020లో ఆ కాగితం అక్కర్లేదని చట్టం మార్చింది. చట్టం మారిన సంగతి అందరు కఫీళ్లకూ ఒకే రోజు తెలిసిందని మాత్రం అనుకోకండి. కాగితం లేకుండా కంపెనీ వదిలి బయట దొరికిన పని చేసుకునేవాణ్ణి మా వైపు కల్లివెల్లి అంటారు. అరబ్బీలో దానర్థం 'పోనీ, వదిలెయ్' అనట. వదిలేసినవాడు పోలీసు కనబడితే సందులోకి తిరుగుతాడు, జ్వరమొస్తే దవాఖానకు పోడు. తండ్రి చనిపోయినా ఇంటికి రాలేడు.

ఇక లెస్నర్, డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా కుస్తీ కంపెనీ మల్లుడు. 2004 మార్చి 14న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గోల్డ్‌బర్గ్ అనే ఇంకో మల్లుడితో ఆ కంపెనీలో అప్పటికి అతని చివరి కుస్తీ. ఇద్దరూ కంపెనీ వదిలి పోతున్నారన్న కబురు జనానికి ముందే అందింది. దాంతో ఇద్దరినీ ఏకగ్రీవంగా గేలి చేశారు. వీరుడు కలల వెంట పోతుంటే జనం పూలు చల్లలేదన్న ముక్క వక్త చెప్పలేదు. కాలేజీలో లెస్నర్ ఫుట్‌బాల్ ఆడనే లేదన్నదీ చెప్పలేదు. ఏప్రిల్‌లో మోటారు సైకిల్ ప్రమాదం. అయినా మినెసోటా వైకింగ్స్ జట్టు శిబిరానికి వెళ్లాడు. ఆగస్టులో, అసలు ఆట మొదలుకాకముందే, జట్టు అతన్ని ఇంటికి పంపింది. యూరప్‌కు పోయి అక్కడి లీగ్‌లో నేర్చుకొమ్మన్నారు, వద్దన్నాడు. కల ఖర్చంతా మార్చి నుంచి ఆగస్టు దాకా. మా దగ్గర ఒక వానాకాలం పంటకు పట్టేంత కాలం.

అక్కడినుంచి మొదలైంది కోరుట్ల పిల్లవాడి ప్రశ్న. ఫుట్‌బాల్ లేదు, సరే. వచ్చిన పని కుస్తీ, అదే చేసుకుని బతుకుదామంటే, వచ్చేటప్పుడు సంతకం పెట్టిన కాగితం అడ్డం పడింది. 2010 దాకా ఇంకెవరి దగ్గరా కుస్తీ పట్టగూడదని అందులో ఉంది. ఆరేళ్లు! లెస్నర్ కోర్టుకెక్కాడు. కేసు నడుస్తుండగానే 2005లో జపాన్ పోయి అక్కడి కంపెనీలో బరిలోకి దిగి, మొదటి రాత్రే పెద్ద టైటిల్ కొట్టాడు. మా భాషలో చెప్పాలంటే పక్కా కల్లివెల్లి. పోలీసుకు భయపడి సందులోకి తిరిగే అవసరం రాలేదు, వకీళ్లున్నారు. 2006లో రాజీ కుదిరింది. తెర మీది బొమ్మకింద 'ధైర్యం' అని పెద్ద అక్షరాల్లో రాసుంది. 'వకీలు' అని ఎక్కడా లేదు.

ఇంకోటుంది. ఆ కంపెనీ తన మల్లులను ఉద్యోగులనదు. కాగితాల మీద వాళ్లు 'ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు'. స్వతంత్రులు! ఎప్పుడు ఎక్కడ దిగాలో, ఎవరి చేతిలో ఓడాలో కంపెనీ చెప్తుంది. ఇంకెక్కడా దిగకూడదని కూడా కంపెనీయే చెప్తుంది. మిగతా విషయాల్లో స్వతంత్రులు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఆసామికి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. పేరుకు తనూ ఓనరే. నూలు సేటుది, ఆర్డరు సేటుది, మీటరుకు ఇంత అన్న రేటూ సేటుదే. సాంచా ఖరాబైనప్పుడు, కరెంటు బిల్లు వచ్చినప్పుడు మాత్రం అతను సంపూర్ణ స్వతంత్రుడు.

ఆ కుస్తీ ఉత్త నాటకమని చెప్పి నేనేదో గుట్టు విప్పుతున్నానని అనుకోవద్దు. ఆ గుట్టు కంపెనీయే విప్పుకుంది. 1989లో న్యూజెర్సీ రాష్ట్రంలో క్రీడలకు వేసే పన్నులూ ఫీజులూ తప్పించుకోవడానికి, మాది క్రీడ కాదు మహాప్రభో, వినోదమని ఆ కంపెనీవాళ్లే చెప్పుకున్నారు. పన్ను ముందు నిలబడితే ఎంతటి పహిల్వానైనా నిజం చెప్తాడు.

అయినా చూశాం. చిన్నప్పుడు సిరిసిల్లలో మా మేనమామ ఇంట్లో, పక్క గదిలో సాంచాల చప్పుడుకు వినబడక టీవీ గొంతు పెంచుకుని మరీ చూశాం. జేబులో ఆ మల్లుల పేకలు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ అంటూ పందెం కాసి గెల్చుకునేవాళ్లం. అండర్‌టేకర్‌కు ఏడు ప్రాణాలని, అందులో రెండు అయిపోయాయని మా గల్లీలో కచ్చితమైన లెక్క ఉండేది. మామ మాత్రం "గిదేం కుస్తీరా, ఉత్త డ్రామా" అనేవాడు. అదే మామ చిందు యక్షగానం ఉందంటే దుప్పటి భుజాన వేసుకుని పక్క ఊరికి నడిచిపోయేవాడు. రాత్రి భీముడి చేతిలో చచ్చిన కీచకుడు పొద్దున హోటల్లో చాయ్ తాగుతుంటే "మస్తు చచ్చినవ్ రా" అని మెచ్చుకుని చాయ్ పైసలు తానే ఇచ్చేవాడు. నాటకాన్ని నాటకంగా మెచ్చుకోవడం మా వాళ్లకు కొత్త కాదు. తెల్లవారి ఆ కీచక వేషగాడే వచ్చి, "ఇక నాటకాలు చాలు, నిజమైన భీముణ్ణే ఢీకొంటా, టికెట్టు వెయ్యి రూపాయలు" అంటే మాత్రం మామ చాయ్ పైసలు వాపసు అడిగేవాడు.

సీఎం పంక్ అనే ఇంకో మల్లుడు చేసింది సరిగ్గా అదే. 2014 జనవరిలో కంపెనీతో పడక లేచిపోయాడు. ఆ డిసెంబరుకల్లా యూఎఫ్‌సీ అనే అసలు కొట్లాటల కంపెనీ అతనితో ఒప్పందం చేసుకుంది. అప్పటికి అతను బరిలో నిజంగా కొట్లాడిన పోటీలెన్ని? సున్నా. చిన్న ఊళ్లలో, చిన్న హాళ్లలో పళ్లు రాలగొట్టుకుంటూ ఏళ్ల తరబడి ఆ పిలుపు కోసం కాచుకున్నవాళ్లు కాచుకునే ఉన్నారు. పోగు అతకడం రానివాడికి ఏకంగా కార్ఖానా తాళాలిచ్చారు. 2016 సెప్టెంబరు 10న క్లీవ్‌లాండ్‌లో దిగాడు. మికీ గాల్ అనే కుర్రవాడు రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లలో గొంతు పట్టి ముగించాడు. మా ఆర్టీసీ బస్టాండులో చిల్లర కోసం కండక్టరుతో అంతకంటే ఎక్కువసేపు కొట్లాడతాం. 2018లో ఇంకోసారి దిగి ఆ రాత్రి కూడా ఓడాడు. చివరికి 2023 నవంబరులో, తన ఊరు షికాగోలోనే, ఏ కంపెనీని తిట్టిపోశాడో ఆ కంపెనీ వేదిక మీదికే నడిచొచ్చాడు. జనం గొంతులు చించుకున్నారు. తప్పిపోయిన కొడుకు వచ్చినట్టు ఏడ్చారు కూడా.

లెస్నర్ అలాంటివాడు కాడు, ఒప్పుకుంటాను. అతను కాలేజీ రోజుల్లో, 2000లో, అమెరికా కాలేజీల జాతీయ హెవీవెయిట్ చాంపియన్. అది నిజమైన కుస్తీ. అంటే నిజం నుంచి నాటకానికి, నాటకం నుంచి మళ్లీ నిజానికి వచ్చాడన్నమాట. 2008 ఫిబ్రవరిలో యూఎఫ్‌సీలో మొదటి కొట్లాట, ఫ్రాంక్ మిర్ నిమిషన్నరలో కాలు మెలిపెట్టి ఓడించాడు. అదే ఏడాది నవంబరులో రాండీ కూటూర్‌ను కొట్టి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. బలముంది, గెలిచాడు. కాకపోతే అప్పటికి మొత్తం లెక్క మూడు కొట్లాటలు, అందులో ఒకటి ఓటమి. నాలుగోదానికే టైటిల్ పోటీ! ఇంకొకరికైతే ఇస్తారా? అతను నాటకంలో సంపాదించిన పేరే ఆ తలుపు తెరిచింది. వదిలేశానన్న నాటకాన్ని సంచిలో పెట్టుకుని వెంట తెచ్చుకున్నాడు. కొత్త కంపెనీ కొన్నదీ ఆ సంచినే. 2012లో మళ్లీ పాత కంపెనీకి వచ్చాడు, రీఎంట్రీ కొట్టించుకుని. రెండేళ్లకు అండర్‌టేకర్‌ను రెజిల్‌మేనియాలో ఓడించాడు. మా గల్లీ లెక్కలో ఆ రోజుకు ఆయనకు ఇంకా ఐదు ప్రాణాలు మిగిలే ఉండాలి.

ఎదురు దిశలో నడిచినవాడు మన దేశంలోనే ఉన్నాడు, వక్తకు గుర్తురాలేదు. రింకూ సింగ్. ఉత్తరప్రదేశ్‌లోని భదోహీ ప్రాంతం, తివాచీల నేతకు పేరుపడ్డ చోటు, అంటే సిరిసిల్లకు వేలువిడిచిన చుట్టం. లారీ డ్రైవరు కొడుకు. జావెలిన్ విసిరేవాడు. 2008లో ఒక టీవీ పోటీలో బేస్‌బాల్ బంతి విసిరి గెలిచి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్ల కింద అమెరికాలో ఆడాడు. ఆ ఆటలో పెద్ద మెట్టు ఎక్కలేకపోయాడు. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ తీసుకుని, నుదుట విభూతి పూసి, వీర్ మహాన్ అని పేరుపెట్టింది. ఆటలు చేతకాక నాటకానికి వచ్చాడని అతన్ని ఎవరూ ఎద్దేవా చేయలేదు, నేనూ చేయను. అతను పొట్ట కోసం వచ్చానన్నంత సూటిగా వచ్చాడు.

పంజాబ్ పోలీసు నుంచి డబ్ల్యూడబ్ల్యూఈకి పోయిన గ్రేట్ ఖలీ అయితే 2022లో బీజేపీలో చేరాడు. అదీ వేరే ఆటే కదా! ఆ ఆటలో మేము ఎవరికీ తీసిపోం. 2023 ఎన్నికల్లో జగిత్యాల బరిలో ఎదురెదురుగా తలపడిన ఇద్దరు, 2024 జూన్‌కల్లా ఒకే రంగు కండువా కింద చేరారు. గెలిచినాయన ఓడినాయన పార్టీలోకి వచ్చాడు. ఓడినాయనకు కోపం వచ్చింది, నిజమైన కోపమే. ఆ కథ ఎటు పోతోందో పాపం ఆయనకు ఎవరూ ముందే చూపించినట్టు లేదు. పేర్లు దేనికి, తహసీల్ చౌరస్తాలో ఎవరినడిగినా చెప్తారు.

మళ్లీ కుస్తీకి వస్తే, అన్నిటికంటే నన్ను మురిపించేది ఈ టీవీ మల్లుల వీడ్కోలు. జాన్ సీనా 2024 జూలైలో పోతానన్నాడు, పోయింది 2025 డిసెంబరు 13న. నడుమ ఏడాది పొడుగునా ఊరూరా వీడ్కోలే. అంతకుముందు 2023 సెప్టెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలికి వచ్చినప్పుడు మా గల్లీ పోరగాళ్లు ఇద్దరు వెళ్లి చూసొచ్చారు. వారం దాకా వాళ్ల గొంతు రాలేదు.

మా దగ్గర కుస్తీ వదలడం ఇట్లా ఉండదు. జాతరల్లో కుస్తీలు పెడతారు. మొదట చిన్నపిల్లలకు కొబ్బరికాయ కుస్తీ, తర్వాత వందా ఐదు వందలూ, పొద్దుగూకేసరికి వెండి కడియం కుస్తీ. మట్టిలో నీళ్లు చల్లి, కొండగట్టు అంజన్నకు మొక్కి, తొడ చరిచి దిగుతారు. మా ఊళ్లో ఒక కాక రెండు కడియాలు కొట్టాడు. మూడో ఏడు జాతరలో అతను లేడు. ఏడీ అంటే, "మస్కట్ పోయిండు" అన్నారు. అంతే వీడ్కోలు సభ. పోటీ నిర్వాహకులు మైకులో చెప్పలేదు, అతని జోడీ ఇంకొకణ్ణి వెతుక్కున్నాడు. కడియాల్లో ఒకటి ఏజెంటు ఫీజుకు పోయింది, ఇంకోటి వీసా మెడికల్ పరీక్షకు బొంబాయి పోయిన ఖర్చులకు. అక్కడ చేసే పని సిమెంటు బస్తాలు ఎత్తడం. తాలీంలో ఎత్తిన గుండు కంటే బస్తా తేలికేనట, కాకపోతే గుండును ఎత్తితే దింపొచ్చు, బస్తా దింపగానే ఇంకో బస్తా ఉంటుందట. మొదటి సెలవుకు వచ్చినప్పుడు నవ్వుతూ చెప్పాడు. కల వెంట పరుగెత్తావా కాకా అని అడగాలని నాకైతే తోచలేదు. ఆ రోజుల్లో నాకు అంత వ్యక్తిత్వ వికాసం లేదు.

సరే, వక్త జవాబు. కఫీల్ ఎవరో ఆయనకు తెలియదు. ఎన్‌ఓసీ మాత్రం ఎక్కడో విన్నట్టే ఉంది. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు, దానికి దండం పెట్టాల్సిందే. పిడికిలి పైకెత్తి, "ఎన్‌ఓసీ అంటే ఏమిటో తెలుసా? నో అదర్ ఛాయిస్! వేరే దారి లేదు అనుకున్నవాడే గెలుస్తాడు!" అన్నాడు. చప్పట్లు మోగాయి. మహారాజా కుర్చీలు కూడా కొట్టి ఉండేవి, చేతులుంటే.

భోజనాల దగ్గర ఆ పిల్లవాడు నా పక్కనే నిలబడ్డాడు. బగారన్నంలో ఎముక వెతుక్కుంటూ, "సార్ తప్పేం చెప్పలేదన్నా" అన్నాడు. "వచ్చే నెల్ల నాకు మెడికల్ ఉంది. బాపు కంపెనీలనే."