పిడకల సర్‌ఛార్జి

విమానపు టికెట్టులో విమానమునకు చెందిన భాగమెంత, తక్కినవారికి చెందిన భాగమెంత యని విచారించుట వయసు మళ్లినవారికి తగిన వ్యాసంగము. నడివయసువారు అడుగున ఉన్న మొత్తము చూచి, ఒక నిట్టూర్పు విడిచి, కార్డు నెంబరు కొట్టి ఊరకుందురు. నాకు పింఛనును తీరికయు రెండును కలవు గనుక, టికెట్టు చేతికి వచ్చినతోడనే కళ్లజోడు తుడుచుకొని, సన్నని అక్షరములతో అచ్చువేసిన ఆ పట్టికను పైనుండి క్రిందికొకమారు, క్రిందినుండి పైకొకమారు పారాయణము చేయుట అలవాటైనది. అందు మొదటి పంక్తి బేస్ ఫేరు. దాని క్రింద కొలువుదీరిన పరివారమును చూచిన పిమ్మట ఆ మొదటి పంక్తి యజమాని వలె గాక, ఇంట ఎవరును లక్ష్యపెట్టని పెద్దమనిషి వలె కనబడును.

పూర్వము సర్కారువారి పన్నులు మోటుగా ఉండెడివి గాని స్పష్టముగా ఉండెడివి. 1979లో విదేశయానపు పన్ను పుట్టినది. 1989లో స్వదేశయానపు పన్ను పుట్టినది. 2004లో రెండును గతించినవి. ఆనాడు ప్రయాణికులు సంతసించియే యుందురు. కాని ఖాళీయైన పీఠమును చిరకాలము ఖాళీగా ఉంచుట మన దేశాచారము కాదు. అటుపిమ్మట కెప్టెన్ గోపీనాథ్ గారి ఎయిర్ డెక్కన్ సంస్థ రూపాయికి టికెట్టు అమ్ముచున్నదని విని దేశమెల్ల ఉప్పొంగినది. ఆ రూపాయి వెంట రెండువందల పైచిలుకు పన్నులును రుసుములును ఉండెనన్న సంగతి ఉప్పొంగినవారికి కొంచెము ఆలస్యముగా తెలిసినది. అయినను ఆ బేరము మంచిదే. రూపాయి రూపాయి వలెనే, రుసుము రుసుము వలెనే కనబడిన రోజులవి.

నాకు మొదటినుండియు కొరుకుడుపడని వడ్డన ఇంధనపు సర్‌ఛార్జి. విమానము చమురుతో ఎగురునన్న రహస్యము టికెట్టు ధర నిర్ణయించిన మరునాడెవరో వచ్చి చెవిలో చెప్పగా, సంస్థవారు ఉలికిపడి లేచి మరియొక పంక్తి చేర్చినట్లుండును. మా చిన్ననాట రాజమహేంద్రవరములో పూటకూళ్లమ్మ యొకతె ఉండెడిది. అణాలు పుచ్చుకొని అన్నము, పప్పు, పులుసు కడుపునిండ వడ్డించెడిది. ‘నాయనా, భోజనము వెల ఇంత, పిడకల క్రింద మరికొంత’ అని ఆమె ఏనాడును అడిగి యెరుగదు. వానకాలములో పిడకలు ప్రియమైనవన్న సంగతి మాకు పులుసు పలుచనగుటచేతనే తెలిసెడిది. వ్యాపారమన్న అది, నష్టమును పులుసులో కలుపవలెను గాని ప్రత్యేకముగా విస్తరిలో వడ్డింపరాదు.

చమురు వెల పెరిగినప్పుడు ఈ పంక్తి పెరుగును. తగ్గినప్పుడు ఆ వార్త దీనికి అందదు. అట్లని ధర్మము తప్పి మాటలాడరాదు. 2023 అక్టోబరులో ఇండిగోవారు దూరమును బట్టి 300 మొదలు 1000 రూపాయల దాక ఇంధనపు రుసుము విధించి, 2024 జనవరిలో తామే ఎత్తివేసిరి. ఎత్తివేసిన పిమ్మట టికెట్టు మొత్తము అంత మేరకు తగ్గెనా యని అడుగుట మర్యాద కాదు. సంస్థల కష్టములు సంస్థలకున్నవి: మనము కూర్చుండు కుర్చీ జీఎస్టీ క్రిందికి వచ్చినది గాని, దానిని మోయు విమానపు చమురు నేటికిని రాలేదు. దానిపై కేంద్రమునకు ఎక్సైజు, రాష్ట్రములకు వ్యాటు; 2022 నాటికి తమిళనాడులో అది 29 శాతము, ఢిల్లీలో 25 శాతము. ఇంత విన్న పిమ్మట నాకు జాలి కలుగును. కాని జాలితోబాటు సర్‌ఛార్జి కూడ నేనే ఇచ్చుకొనవలసి వచ్చుట బాధ.

ఇంధనపు వడ్డనకు ఒక జ్ఞాతి యుండెడిది. 2006లో, విమానాశ్రయములయందు దిగుటకు చోటు దొరకక ఆకాశమున చుట్లు తిరుగవలసి వచ్చుచున్నదని, సంస్థలు రద్దీ సర్‌ఛార్జి పేర టికెట్టుకు 150 రూపాయలు విధించినవి. ప్రదక్షిణము చేసినవారు దక్షిణ పుచ్చుకొనుట శాస్త్రసమ్మతమే కాబోలు! అయినను, మధ్యాకాశమున వ్రేలాడినందులకు త్రిశంకుడు విశ్వామిత్రునికి అదనముగా ఏమైన చెల్లించినట్లు నేను చదివిన పురాణములలో లేదు.

ఇందలి కౌశలమంతయు పంక్తి సర్దుటలో ఉన్నది. ఈ ఇంధనపు సొమ్ము ముమ్మాటికి సంస్థదే. దానికి టికెట్టుపై వైక్యూ అని ముద్దుపేరు. అది పోయి సర్కారువారి పన్నుల సరసన చాపవేసికొని కూర్చుండును. ప్రయాణికుడు ‘టాక్సులు, సర్‌ఛార్జీలు’ అను శీర్షిక క్రింద పెద్ద అంకెను చూచి, సర్కారును తిట్టుట జన్మహక్కు గనుక, తడుముకొనకుండ తిట్టును. సర్కారు ఎన్నో తిట్లకు అర్హమైనదే గాని, ఈ తిట్టు మాత్రము దానికి తప్పుడు చిరునామాకు వచ్చిన ఉత్తరము.

విమానాశ్రయమువారి వడ్డన వేరు. శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో తెరచిరి. చలువరాతి నేల, చెట్లు, చల్లని గాలి, అన్నియు ముచ్చటగా ఉన్నవి. ఆ ముచ్చట పేరు యూజర్ డెవలప్‌మెంటు ఫీజు. 2010 చివరకు అది దేశములో తిరుగువారికి 430, దేశము దాటువారికి 1700 రూపాయలైనది. 2014 ఏప్రిల్ మొదలు అది సున్న యని నియంత్రణ సంస్థ ఉత్తరువు చేసెను. కొన్ని నెలలకే, వ్యాజ్యము హైకోర్టుకు పోయిన మీదట, సున్న పోయి ఫీజు తిరిగి వచ్చినది. నడుమ ఎగిరినవారు పుణ్యాత్ములు. నేను ఆ కాలమంతయు మోకాళ్ల నొప్పులతో గడప దాటలేదు. బొంబాయిలోనైతే 2025 నుండి దేశములో తిరుగువారిలో ఎక్కిపోవువారి యొద్ద 175, దిగివచ్చువారి యొద్ద 75 రూపాయలు. వెళ్లువారు దాటునది, వచ్చువారు దాటునది ఒకే గుమ్మమని వాదించి లాభము లేదు.

భద్రత ఫీజు 2021 ఏప్రిల్ నుండి స్వదేశయానమునకు 200 రూపాయలు. దీనిని నేను గొణుగకుండ ఇచ్చెడివాడను, మాగాయ సంగతి జరుగువరకు. మా ఆవిడ చేతిసంచిలో సీసా నొకదానిని తువాలుతో చుట్టి, పైన విష్ణుసహస్రనామము పెట్టి, ఎంతో భక్తిగా తెచ్చినది. యంత్రము భక్తిని గుర్తింపలేదు. ఖాకీ దుస్తుల యువకుడు సీసాను వెలుతురుకెత్తి చూచి, “అచార్ అలవుడ్ నహీ, అమ్మాజీ” అనెను. “ఇందులో ఏముందయ్యా, మామిడికాయా, మెంతిపిండీ! కావాలంటే నువ్వే రుచి చూడు” అని ఈమె తెలుగులో బదులు చెప్పెను. అతడు చిరునవ్వు నవ్వి సీసాను పక్కనున్న తొట్టిలో ఉంచెను. నేను తొంగిచూచితిని గదా, అందు గుంటూరు గోంగూర, గోదావరి ఆవకాయ, ఎవరిదో ఉసిరికాయ, సీమవారి ఊరుమిరప, అన్నియు ప్రాంతభేదము లేక ఒద్దికగా కూర్చుండి యున్నవి. రెండువందలు మాగాయను కాపాడుటకు గాక, మాగాయ బారినుండి విమానమును కాపాడుటకని అప్పటికి బోధపడినది.

ఒక్క వడ్డనను మాత్రము మనసార ఒప్పుకొందును. చిన్న ఊళ్లకు విమానములు నడపుటకని 2016 డిసెంబరు నుండి పెద్ద మార్గముల విమానములపై ప్రాంతీయానుసంధానపు సుంకము వేసిరి. దాని ఫలముగా 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకపు తొలి విమానములు బయలుదేరినప్పుడు, సిమ్లా, నాందేడులతోబాటు మన కడపకును ఆ పీట దక్కినది. హైదరాబాదునుండి కడపకు రాత్రంతయు బస్సులో నడుము విరుగ కూర్చున్నవానికి ఈ సుంకము సుంకముగా తోపదు.

ఇక ఉచిత టికెట్టు. లండనునందున్న మా అల్లుడు కార్డు పాయింట్లు కూడబెట్టి, “మామయ్యగారూ, మీకు టికెట్టు ఫ్రీ అండీ. టాక్సులు మాత్రమే కట్టాలి” అని ఫోను చేసినాడు. ఎంత యని అడిగితిని. చెప్పినాడు. “మరి డబ్బిచ్చి కొంటే ఎంత నాయనా?” అంటిని. అదియు చెప్పినాడు. ఉచితమునకును క్రయమునకును నడుమనున్న తేడా మా ఆవిడ మందులకు చాలును, నా మందులకు చాలదు. అందులో ఇంధనపు సర్‌ఛార్జియే సింహభాగము. పైగా తిరిగివచ్చునప్పుడు ఆంగ్లేయులకు నిష్క్రమణ పన్ను ఇవ్వవలెను. 1994లో పుట్టినప్పుడు అది 5 పౌనులు, 10 పౌనులు; 2025 ఏప్రిల్‌లో హైదరాబాదంత దూరము పోవువారికి, చౌకబారు తరగతిలోనే 90 పౌనులైనది. పదునారేండ్లు నిండనివారికి ఆ తరగతిలో మినహాయింపు కలదు. డెబ్బది దాటినవారి ప్రస్తావన లేదు. ఉచితమునకు అంత వెచ్చించు స్తోమత లేక, “మీరే రండి బాబూ” అంటిని.

మొన్న విశాఖపట్నములో మేనల్లుని కొడుకు ఒడుగునకు టికెట్టు కొని, జ్వరము తగిలి మానుకొంటిని. ప్రయాణము మానిన టికెట్టుపై సర్కారువారి పన్నులును, విమానాశ్రయపు ఫీజులును తిరిగి ఈయవలెననియు, రద్దుఖర్చు బేస్ ఫేరును ఇంధనపు సర్‌ఛార్జిని మించరాదనియు పౌర విమానయాన నియమము కలదు. సంస్థవారు నియమమును అక్షరాల పాటించిరి. నేను తిట్టిన పన్నులన్నియు వరుసగా ఇల్లు చేరినవి. బేస్ ఫేరును, ఇంధనమును అక్కడనే ఆగినవి. ఫోను చేసి, “అమ్మాయీ, నేను ఎక్కనే లేదు గదా, నా ఇంధనము మిగిలి యుండవలెనే?” యని అడిగితిని.

“ఫ్లైట్ వెళ్లింది కదండీ, ఫ్యూయల్ అయిపోయింది” అని ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పినది.

నేను లేకపోవుటచే విమానము తేలికయై, నా బరువునకు సరిపడు చమురైన ఆదా యయ్యెనని వాదింపబోయితిని. కాని మనిషి బరువును బట్టి ఇంధనము లెక్కగట్టవచ్చునన్న ఆలోచన ఆ సంస్థకు ఇంకను తట్టినట్లు లేదు. నా నోట వినుట దేనికని, “మంచిదమ్మా” అని ఫోను పెట్టివేసితిని.